గోడలు పలచనయ్యాయి, గోల చిక్కనయింది

మా రోజుల్లో కిటికీ పెట్టించేది గాలి కోసం, వెలుతురు కోసం. ఇప్పుడు కిటికీ కొనేది చప్పుడు లోపలికి రాకుండా ఉండటానికి. నరసరావుపేటలో మా అబ్బాయి కట్టుకున్న ఇంటికి రోడ్డు వైపు గదులకు సౌండ్‌ప్రూఫ్ కిటికీలు పెట్టించాడు. వాటికైన డబ్బుతో నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండు గదుల ఇల్లు లేచేది. డబ్బు పోయిందని కాదు నా బాధ. రాత్రిపూట నాలుగు గంటలు కంటినిండా నిద్రపోవడానికి కూడా ఖర్చు పెట్టుకోవాల్సిన గతి పట్టిందే మన ఊళ్ళకి, అదీ నా బాధ.

నేను సాగర్ కుడి కాలువ పనుల్లో ఓవర్సీరుగా చేసినవాణ్ణి. రాయి, సున్నం, సిమెంటు, కలప, వీటి మధ్యే నా బతుకంతా గడిచింది. అందుకని ఈ గోల సంగతి ఇంటి గోడ దగ్గర నుంచే మొదలుపెడతాను.

మాది గురజాల పక్క పల్లెటూరు. మా నాయన కట్టించిన ఇంటి గోడలు మూరెడు మందం. పల్నాడంటేనే సున్నపురాయి నేల, రాతికి ఏనాడూ కరువు లేదు. కింద మాచర్ల నాపరాళ్ళు పరిచేవాళ్ళు. పిడుగురాళ్ళ బట్టీల్లో కాల్చిన సున్నం తెచ్చి, ఇసుకతో కలిపి గానుగ పట్టించి గోడ కట్టేవాళ్ళు. వీధిలో నుంచి మనిషి మంచం దగ్గరికి రావాలంటే అరుగు ఎక్కాలి, వసారా దాటాలి, నట్టింట్లోకి రావాలి. పడకలు వెనక గదుల్లో ఉండేవి. వీధిలో ఎంత సందడి జరిగినా లోపలికి వచ్చేసరికి అది సద్దుమణిగిపోయేది.

కిటికీ సంగతి చెబుతాను. టేకు చట్రం, నిలువునా ఇనప ఊచలు, రెండు చెక్క రెక్కలు. రెక్క అంగుళంపావు మందం ఉండేది. చట్రానికి లోపలి వైపు గాడి తీసి, రెక్క అందులో కూర్చునేలా చిత్రిక పట్టేవాడు మా ఊరి వడ్రంగి. రెక్కలు మూసి గడియ పెడితే మధ్యలో కాగితం దూరేది కాదు. దూరితే ఆయనే ఒప్పుకునేవాడు కాదు, రెక్క విప్పి మళ్ళీ చిత్రిక పట్టేవాడు.

దీని వెనకాల లెక్క ఉంది. చప్పుడును ఆపేది బరువు. గోడ బరువు రెట్టింపయితే సుమారు 5, 6 డెసిబెల్స్ చప్పుడు అదనంగా ఆగుతుంది. పది డెసిబెల్స్ తగ్గితే మన చెవికి చప్పుడు సగానికి పడిపోయినట్టు వినిపిస్తుంది. మూరెడు రాతి గోడ చదరపు మీటరుకు వెయ్యి కిలోల పైన తూగుతుంది. ఇప్పుడు కడుతున్న నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, రెండు వైపులా ప్లాస్టరింగుతో కలిపి, 250 కిలోల చిల్లర. 5 మిల్లీమీటర్ల కిటికీ అద్దం పన్నెండున్నర కిలోలు. మా నాయన ఇంటి టేకు రెక్క దానికంటే బరువు. ఇంక ఇంట్లోకి చప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో వేరే చెప్పాలా?

అప్పుడు చప్పుళ్ళు లేవని నేననను. తెల్లవారుజామున కవ్వం చప్పుడు, రోకటి పోట్లు, పొలానికి పోయే ఎడ్ల మెడలో గంటలు. మాచర్ల రైలు బొగ్గింజను కూత వేస్తే పొలంలో ఉన్న కూలీలు పొద్దెంతయిందో చెప్పేవాళ్ళు. పెళ్ళికి మైకు సెట్టు పెట్టేవాళ్ళు, వేపచెట్టుకు బాకా కట్టి ఘంటసాల పాటలు వేసేవాళ్ళు. శ్రీరామనవమికి పందిట్లో హరికథ జరిగేది. కార్తీకంలో కారంపూడి వీరుల ఉత్సవాల్లో వీర విద్యావంతులు పంబజోడు వాయిస్తూ పల్నాటి వీరుల కథ చెబుతుంటే జనం రాత్రంతా కూర్చునేవాళ్ళు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళంటే ఊరూరి నుంచి ప్రభలు కదిలేవి. ఆ రాత్రి ఎవరూ నిద్రపోయేవాళ్ళు కాదు, పోవాలని అనుకునేవాళ్ళూ కాదు.

తేడా ఎక్కడంటే, ఆ చప్పుడుకు ఒక రోజుండేది, ఒక వేళ ఉండేది. ఊరు ఊరంతా కలిసి చేసుకునే చప్పుడది. ఊళ్ళో ఎవరింట్లోనన్నా పెద్దవాళ్ళు మంచాన పడి ఉంటే, ఆ వీధిలోకి రాగానే మేళగాళ్ళు డోలు ఆపి నడిచేవాళ్ళు. ఎవరూ అడగనక్కర్లేదు. పరీక్షల రోజుల్లో మైకు పెట్టబోతే మా హెడ్మాస్టరు గారు వెళ్ళి ఒక్క మాట చెబితే చాలు, విప్పేసేవాళ్ళు.

మా కాలువ పనిలో చూసిన సంగతి చెబుతాను. రాతిలో కాలువ తవ్వాలంటే తూటాలు పేల్చాలి. పేల్చేముందు నాలుగు వైపులా ఎర్రజెండాలు పట్టుకుని మనుషులు నిలబడేవాళ్ళు. ఈల వేసేవాళ్ళు. పక్క ఊరికి ముందే కబురు వెళ్ళేది, ఫలానా వేళకు పేలుస్తామని. గొడ్లను తోలుకుపోయేవాళ్ళు, పసిపిల్లల తల్లులు లోపలికి వెళ్ళి తలుపులు వేసుకునేవాళ్ళు. కొండను పగలగొట్టే చప్పుడుకు కూడా ముందస్తుగా జనానికి చెప్పి చేసిన రోజులవి. ఇవాళ పుట్టినరోజు ఫంక్షనుకు వీధి మధ్యలో డీజే పెట్టేవాడు పక్కింటి తలుపు తట్టి ఒక్క మాట చెప్పడం లేదు.

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడింది, మా నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. మంచిదే. ఆఫీసులు వచ్చాయి, ఆస్పత్రులు పెరిగాయి, జనం పెరిగారు. వాటితోపాటు మోత కూడా పెరిగింది. పొద్దున్నే ఉల్లిపాయల ఆటో వస్తుంది. అమ్మేవాడు నోరు తెరవడు, రికార్డు చేసిన గొంతు అదే పనిగా అరుస్తుంటుంది. వాడి వెనకే పాత సామాన్ల ఆటో, ఇంకో గొంతు. పొద్దెక్కితే బస్సులు, ఆటోలు, ముందున్న బండి కదలడానికి చోటు లేదని తెలిసి కూడా హారన్ మీద నుంచి చెయ్యి తీయని బైకులు. సిమెంటు, సున్నం, మిర్చి బస్తాలు వేసుకుని పగలూ రాత్రీ లారీలు. సైలెన్సర్ మార్పించుకున్న బుల్లెట్టు మీద ఒక కుర్రాడు రాత్రి పదకొండింటికి వీధి ఈ చివర నుంచి ఆ చివరికి పోతే, వీధిలో ఉన్న ప్రతి పసిబిడ్డా ఉలిక్కిపడి లేస్తుంది. ఆస్పత్రి ముందు హారన్ కొట్టకూడదని బోర్డు ఉంటుంది. సరిగ్గా ఆ బోర్డు కిందే కొడతారు.

ఇంక డీజే. ఓణీల ఫంక్షనుకి డీజే, గృహప్రవేశానికి డీజే, వినాయకుణ్ణి సాగనంపడానికి డీజే, నాయకుడు వస్తే డీజే, నాయకుడి కొడుకు వస్తే డీజే. గుడి మైకు, మసీదు మైకు, చర్చి మైకు, దేని గురించి మాట్లాడబోయినా మతం అడ్డం తెస్తారు. నేను దేవుడి గురించి మాట్లాడటం లేదు, మైకు గురించి మాట్లాడుతున్నాను. ఏ దేవుడికీ చెవుడు లేదు. గొంతెత్తి పిలిస్తే చాలు, ఆంప్లిఫయరు అక్కర్లేదు.

మా మనవడు ఇంటర్ చదువుతున్నాడు. రాత్రి పుస్తకం ముందేసుకుని రెండు చెవుల్లో దూది పెట్టుకుని కూర్చునేవాడు. "ఏందిరా అది?" అంటే, "తాతయ్యా, లెక్క సగంలో ఉండగా హారన్ వినపడితే మళ్ళీ మొదటి నుంచి చేయాల్సొస్తోంది" అన్నాడు. కోడలు, "మామయ్యా, వీడికోసమైనా ఆ అద్దాల కిటికీలేవో పెట్టిద్దాం" అంది. అలా వచ్చాయి ఆ కిటికీలు.

వాటిని బిగించేటప్పుడు నేను కుర్చీ వేసుకుని దగ్గర కూర్చున్నాను. పని తెలిసినవాడికి అందులో నేర్చుకోవాల్సింది చాలా ఉంది, అందుకే వివరంగా రాస్తున్నాను. చాలామంది రెండు అద్దాలుంటే సౌండ్‌ప్రూఫ్ అనుకుంటారు. అది నిజం కాదు. రెండు అద్దాలూ ఒకే మందం ఉండి, మధ్యలో అరంగుళం సందు మాత్రమే ఉంటే, లారీ ఇంజను లాంటి బొంగురు చప్పుడును అవి ఆపకపోగా దానితోపాటు తామూ అదురుతాయి. చలిదేశాల్లో వేడి బయటికి పోకుండా వాడే అద్దం అది. చప్పుడు కోసమైతే రెండద్దాలు వేర్వేరు మందాల్లో ఉండాలి. ఒకటైనా లామినేటెడ్ అద్దం కావాలి, అంటే రెండు పలకల మధ్య మెత్తటి ప్లాస్టిక్ పొర అతికించినది. ఆ పొర అదురును మింగేస్తుంది. రెండద్దాల మధ్య సందు ఎంత ఎక్కువుంటే అంత మేలు, జానెడు ఉంటే మరీ మంచిది.

రెండో సంగతి, పక్కకు జరిపే స్లైడింగ్ కిటికీ చప్పుడును ఆపలేదు. రెక్క జరగాలంటే సందు ఉండి తీరాలి. తలుపులా తెరుచుకుని, మూసినప్పుడు చుట్టూ ఉన్న రబ్బరును గట్టిగా నొక్కి, రెండు మూడు చోట్ల లాక్ పడే కిటికీ కావాలి. మన ఊళ్ళలో చాలా ఇళ్ళకు అల్యూమినియం స్లైడింగ్ కిటికీలే. బస్సు పోతే గడగడలాడతాయి. మామూలు స్లైడింగ్ కిటికీ ఇరవై డెసిబెల్స్ ఆపితే గొప్ప. బాగా కుదిరిన లామినేటెడ్ రెండద్దాల కిటికీ నలభై దాకా ఆపుతుంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. కిటికీ ఎంత ఖరీదైనదైనా చట్రానికీ గోడకూ మధ్య సందు మిగిలితే అంతా వృథా. కుండకు చిల్లు పడితే కుండ ఎంత పెద్దదైతే మాత్రం ఏం లాభం? కిటికీ వైశాల్యంలో నూటికి ఒక వంతు సందు ఉన్నా చాలు, ఆ కిటికీ ఇరవై డెసిబెల్స్ మించి ఆపలేదు. మా ఇంట్లో బిగించిన కుర్రాళ్ళు నురుగు కొట్టి, పైన సిలికాన్ పూసి, అయిపోయిందన్నారు. నేను సాయంత్రం ఫ్యాను ఆపించి, ఊదుబత్తి వెలిగించి చట్రం చుట్టూ మెల్లగా తిప్పాను. పొగ మూడు వైపులా నిటారుగా లేచింది. కింద ఎడమ మూల దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా లోపలికి వంగింది. అక్కడ వేలుపెట్టి చూస్తే నురుగు వెనక బోలుగా ఉంది. మర్నాడు పిలిపించి, అది గీకించి, మళ్ళీ నింపించాను. ఆ రాత్రి నుంచి మనవడు దూది తీసేశాడు.

కాబట్టి కిటికీ పనిచేయదని నేననడం లేదు. పనిచేస్తుంది. హారన్, మనుషుల కేకలు, ఆటో మైకు దాదాపు ఆగిపోయాయి. కానీ డీజే బేస్ ఆగలేదు. ఆ మోత గోడల్లో నుంచి, నేలలో నుంచి, మంచం కోళ్ళలో నుంచి వస్తుంది. గుండె మీద ఎవరో గుద్దుతున్నట్టే ఉంటుంది. దాన్ని ఆపాలంటే మా నాయన కట్టిన గోడ కావాలి. ఇప్పుడు అట్టా ఎవరు కడతారు? కట్టడానికి జాగా ఏదీ? రోడ్డుకూ పడకగదికీ మధ్య అరుగు కూడా మిగల్లేదు.

ఇంకొకటి. రాష్ట్రంలో ఎండలంటే ముందు చెప్పుకునే రెంటచింతల మా పల్నాడులోదే. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి పదింటికి కూడా గోడ మీద చెయ్యి పెడితే కాలుతుంది. అలాంటి చోట కిటికీ బిగించుకుని పడుకోవాలంటే ఏసీ ఉండాలి. ఏసీ ఉంటే కరెంటు బిల్లు ఉంటుంది. కరెంటు పోతే కిటికీ తెరవాల్సిందే, తెరిస్తే గోలంతా ఒక్కసారిగా లోపలికి. మూసిన గదిలో నలుగురు పడుకుంటే గాలి చాలదు, తెల్లారేసరికి తల బరువెక్కుతుంది. గాలి లోపలికి తెచ్చే చిన్న ఫ్యాను వేరే పెట్టుకోవాలి. మా రోజుల్లో కిటికీ తెరిస్తే చల్లగాలితోపాటు వెన్నెల వచ్చేది. ఇప్పుడు గాలి ఒక మిషను నుంచి, చల్లదనం ఇంకో మిషను నుంచి, నిశ్శబ్దం అద్దాల నుంచి. మూడూ కొనుక్కోవాలి.

కొనలేనివాళ్ళ మాటేమిటి? మా వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకున్న కుటుంబం రేకుల ఇంట్లో ఉంటుంది. ఆ రేకుల మీద డీజే మోత పడితే వాళ్ళ గిన్నెలు అలమరలో ఒకదానికొకటి తగులుతాయి. మా ఇంట్లో డబ్బుంది కాబట్టి మా మనవడు చదువుకుంటున్నాడు. ఆ ఇంట్లో పిల్ల పదో తరగతి. ఆ పిల్లకు ఎవరు పెట్టిస్తారు కిటికీ? నిశ్శబ్దాన్ని ఉన్నవాడు కొనుక్కునే సరుకుగా చేసి, లేనివాణ్ణి గోలకు వదిలేశాం. ఈ పద్ధతి నాకు నచ్చదు. నచ్చదంటే నచ్చదు.

చట్టం లేదా అంటే, శుభ్రంగా ఉంది. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 2000లో శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు వచ్చాయి. ఇళ్ళున్న ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. రాత్రంటే 10 నుంచి ఉదయం 6 దాకా. ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం, అక్కడ పగలు 50, రాత్రి 40. రాత్రి పది దాటాక ఆరుబయట మైకు పెట్టకూడదు. పండగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు, అది కూడా ఏడాదికి 15 రోజులు మించకుండా. 2005 జూలై 18న సుప్రీంకోర్టు ఈ విషయం మీదే పెద్ద తీర్పు చెప్పింది. మైకు పెట్టి ఇతరుల చెవిలో హోరెత్తించడం ఎవరి ప్రాథమిక హక్కూ కాదని తేల్చింది. రకరకాల స్వరాలు పలికే హారన్లు వాహనాల నిబంధనల ప్రకారం నిషేధం. చప్పుడు పరిమితి దాటిన బండి నడిపేవాడికి 2019 సవరణ తర్వాత 10,000 రూపాయల దాకా జరిమానా వేయొచ్చు.

పట్టుదల ఉంటే అమలు కూడా అవుతుంది. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. జర్మనీలో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నిశ్శబ్ద వేళ, ఆదివారమైతే రోజంతా. అక్కడున్న మన పిల్లలు ఆదివారం గోడకు మేకు కూడా కొట్టరు. అదే పిల్లలు సంక్రాంతికి ఊరొస్తే డీజే ముందు ఎగురుతారు. వాళ్ళ రాత్రి పదీ మన రాత్రి పదీ ఒకటే, రాసుకున్న గంటలూ ఒకటే. అక్కడ పాటిస్తారు, ఇక్కడ పాటించం. అంతే తేడా.

పడకగదిలో రాత్రి 30 డెసిబెల్స్ మించకుండా ఉంటే నిద్ర చెడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. రాత్రిళ్ళు చప్పుడు మధ్య పడుకునేవాడికి నిద్ర పట్టినట్టే ఉన్నా ఒళ్ళు మేలుకునే ఉంటుంది, రక్తపోటు పెరుగుతుంది. చెవుడు సరేసరి. పెళ్ళిళ్ళలో డీజే పెట్టెల పక్కన పనిచేసే కుర్రాళ్ళను చూడండి, పాతికేళ్ళు నిండకుండానే మాట రెండుసార్లు చెప్పించుకుంటున్నారు. వాళ్ళూ మన పిల్లలే.

ఇల్లు కట్టుకునే పిల్లలకు నా మాట ఇది. పడకగదులు రోడ్డు వైపు పెట్టకండి, వంటిల్లో, మెట్లో, స్టోరు రూమో అటు పెట్టండి. రోడ్డు వైపు గోడ తొమ్మిదంగుళాలకు తగ్గించకండి. కిటికీకి డబ్బు పెట్టేముందు తలుపు కింద సందు, కిటికీ చుట్టూ సందు రబ్బరు పట్టీలతో మూయించండి, సగం గోల అక్కడే ఆగుతుంది. పాత ఇల్లు పడగొడుతుంటే టేకు కిటికీలను పాత సామాన్లవాడికి తూకానికి అమ్మకండి. ఉన్న అద్దాల కిటికీకి జానెడు లోపలగా ఆ చెక్క రెక్కలు బిగించుకోండి. అంగుళంపావు టేకు పలక, ఏడెనిమిది మిల్లీమీటర్ల అద్దం దాదాపు ఒకే బరువు. మధ్యలో జానెడు గాలి ఉంటే అది కొన్న కిటికీకి ఏమాత్రం తీసిపోదు. పగలు తెరుచుకోవచ్చు, రాత్రి మూసుకోవచ్చు. మా వెనక గదికి నేను అలాగే చేయించాను, మా నాయన ఇంటి కిటికీతోనే.

ఇదంతా చేసినా గోల పుట్టే చోట ఆపకపోతే ప్రయోజనం సగమే. కిటికీ మన ఇంటిని కాపాడుతుంది. వీధిని కాపాడేది మన మర్యాద. మీ ఇంట్లో శుభకార్యం ఉంటే రాత్రి పదికి మైకు మీ చేత్తోనే కట్టేయండి, ఎవరూ వచ్చి చెప్పేదాకా ఆగకండి. మీ అబ్బాయి బండికి సైలెన్సర్ మార్పించి తెస్తే ఆ రోజే విప్పించండి. పక్కవాళ్ళు పది దాటినా ఆపకపోతే ముందు వెళ్ళి మర్యాదగా చెప్పండి, వినకపోతే 112కు ఫోన్ చేయండి. ఒకరు చేస్తే పట్టించుకోకపోవచ్చు, వీధంతా చేస్తే పట్టించుకుని తీరతారు. మా ఇంటికి కిటికీలు ఉన్నా సరే, నేను ఫోన్ చేస్తూనే ఉన్నాను. మీరూ చేయండి.